కొంటే ఒక ధర, అమ్మితే ఒక ధర

అద్దాల కొట్టు వెనక గది,
మంగళవారం.

చిన్నా,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఆ వెంటనే ఇక్కడ మేమూ క్షేమమని రాయడం అలవాటు కదా, ఈసారి చెయ్యి రాలేదు.

మీ అన్నయ్యకి కిడ్నీలు రెండూ పోయాయి. డాక్టరు కాగితం మీద రెండు చిక్కుడు గింజలు గీసి, రెండింటి మీదా అడ్డంగా గీత కొట్టాడు. కళ్ళు తినేసిన చక్కెర జబ్బే వీటినీ తినేసిందట. ముప్ఫై ఏళ్ళు అద్దాలు నూరి ఊరందరికీ చూపు అమర్చిన మనిషి ఇప్పుడు నన్ను గొంతు బట్టి పోల్చుకుంటున్నారు. అది చాలదన్నట్టు మూలిగే నక్క మీద తాటిపండులా ఇదొకటి.

వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, ఒంట్లో రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతున్నారు. ఆ యంత్రాలు బాగుచేసేవాడివి, నీకు నేను చెప్పేదేముంది. రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్ళే ఇవ్వాలి. "నేనేమన్నా కుండీలో మొక్కనా, కొలిచి పోస్తున్నావు?" అని నా మీద అలుగుతారు.

ఈ కడగడం ఎన్నాళ్ళో సాగదు, ఎవరిదైనా కిడ్నీ పెట్టించమని డాక్టరు చెప్పాడు. నాది తీసుకోమన్నాను. పరీక్ష చేసి నా రక్తం ఆయనకి పడదన్నారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ ఏది పడింది గనక ఇది పడడానికి అన్నాను. డాక్టరు నవ్వలేదు.

నీదీ మీ అన్నయ్యదీ ఒకే రకం రక్తం. చుట్టూ తిప్పి అడగడం నాకు చేతకాదు. ఒకటి ఇస్తావా? ఫోనులో అడిగితే నవ్వేసి తప్పించుకుంటావని కాగితం పట్టాను. పదేళ్ళవాడివి మా ఇంటికొచ్చావు, కొడుకూ మరిదీ రెండూ నువ్వే. అందుకే అడిగే ధైర్యం వచ్చింది.

నువ్వు బాకీ ఉన్నావని అడగడం లేదు. ఏజెంటు చేతిలో మోసపోయి ఆ పరాయి దేశంలో ఇరుక్కున్నప్పుడు నీ అప్పుకి హామీ ఉన్నది ఆయనే, కొట్టుకి తాళం వేస్తామని అప్పులవాళ్ళు అరుగు మీద కూర్చున్నదీ నిజమే. అయినా ఎనిమిది నెలలు తిరక్కుండా ఏజెంటు దగ్గర మొత్తం కక్కించి పంపావు. తీసుకున్న డబ్బు తిరిగిచ్చిన ఏజెంటు ప్రపంచంలో మా తమ్ముడికే దొరికాడని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఇప్పటికీ చెబుతారు.

ఇంకో మాట. నీ ఉత్తరాలు ఆయనకి నేనే చదివి వినిపించాలి. మొన్న పరీక్షల కాగితం చదువుతూ ఒక లైను మింగేశాను, పట్టేశారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఏ కవరైనా సరే ఆయన ముందే చించాలి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఆగకుండా పైకి చదవాలి. కాబట్టి నా మీద చాడీలు రాయాలనుకుంటే మానుకో.

నీ వదిన

*

ఆసుపత్రి నేలమాళిగ, యంత్రాల గది,
ఆదివారం డ్యూటీ.

వదినా, అన్నయ్యా,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడ పైన వార్డులో ముప్ఫై రెండు కుర్చీలున్నాయి, ముప్ఫై రెండు యంత్రాలూ నా చేతిలోవే. రోజూ చూసే ఆ కుర్చీలో అన్నయ్యని కూర్చోబెట్టి ఊహించడం మాత్రం నావల్ల కావడం లేదు. అన్నయ్యా, నీళ్ళ విషయంలో వదినతో పోట్లాడకు. దాహమేస్తే ఐసు ముక్క బుగ్గన పెట్టుకో. ఇక్కడ అందరూ అదే చేస్తారు.

వారం నుంచి తెలిసినవాళ్ళందరినీ ఆపరేషన్ ఖర్చు గురించి అడుగుతున్నాను. దేశానికో రేటు వదినా. ఇక్కడి డబ్బు చెబితే నీకు అర్థం కాదని, అట్టపెట్టెల వర్క్‌షాపులో నీకిచ్చే జీతంతో కొలిచాను. మన ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో అయితే నీ పదకొండేళ్ళ జీతం. ధర్మాసుపత్రిలో దాదాపు ఉచితం, కాకపోతే వరసలో అయిదారేళ్ళు ఆగాలి. నేనున్న ఈ దేశంలో నలభై ఏళ్ళ జీతం, అంటే నువ్వు పలక పట్టకముందు నుంచే పెట్టెలు మడుస్తూ ఉండాలి. ఈ దేశపు పౌరుడైతే మాత్రం సర్కారే భరిస్తుంది, చెప్పుల ఖర్చు కూడా అవదు. నేను పౌరుణ్ణి కాను. దీని పక్క దేశంలో ఇరవై ఏళ్ళ జీతమట. సముద్రం అవతల ఇంకొకచోట తొమ్మిదేళ్ళదట. కత్తి అదే, దారం అదే, పడుకోబెట్టే బల్ల అదే కంపెనీది. ఎందుకింత తేడా అని మా నర్సుని అడిగితే, "నీ జీతం ఇక్కడెంత, మీ ఊళ్ళో ఎంత?" అని ఎదురడిగింది. డాక్టరు జీతం, మంచం అద్దె, కిడ్నీ ఇచ్చేవాడికి చేసే పరీక్షలు, ఆ తరవాత బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిన మాత్రలు, అన్నీ కలిసి అంకె పెరుగుతుందట.

అన్నిటికంటే తక్కువ, మూడున్నరేళ్ళ జీతం. అది నేను ఎనిమిది నెలలు ఇరుక్కున్న దేశం. లెక్క పూర్తిగా ఉండాలని రాశాను, అంతే.

ధర్మాసుపత్రి వరసలో వెంటనే పేరు రాయించండి. నేను ఇంకా వాకబు చేస్తాను.

మీ చిన్న

*

అట్టపెట్టెల వర్క్‌షాపు, భోజనం వేళ,
శుక్రవారం.

చిన్నా,

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే. నేనడిగింది ఒక్క ముక్క. నువ్వు రాసింది ప్రపంచ పటం. ఏ దేశంలో ఎంతో అంతా వివరంగా ఉంది, ఇస్తావో ఇవ్వవో మాత్రం లేదు.

చదివి వినిపించాక మీ అన్నయ్య ఐసు ముక్క అడిగి బుగ్గన పెట్టుకున్నారు. తరవాత, "వాడికి ఇంకా పెళ్ళి కాలేదు, వాడి బతుకు వాడికుంది. మళ్ళీ అడక్కు" అన్నారు. నేను అడగనని ఒట్టు వెయ్యలేదు కాబట్టి అడుగుతున్నాను. భయమైతే భయమని రాయి. కోతంటే ఎవరికి భయం లేదు? నాకూ ఉంది. భయమని రాస్తే తిట్టి ఊరుకుంటాను. ఏమీ రాయకపోతే ఏమనుకోవాలి?

ధర్మాసుపత్రిలో పేరు రాయించాను. మా వంతు నాలుగు వందల పన్నెండు. ఏడాదికి డెబ్భై మందికి చేస్తారట. లెక్క నువ్వే వేసుకో, లెక్కలు బాగా వేస్తున్నావుగా.

ఇక్కడ ఆయన పక్క కుర్చీలో కూర్చునే బడిపంతులు నిన్న రాలేదు. వేరే రోజుకి మార్చారేమో అనుకున్నాను. మీ అన్నయ్యే నెమ్మదిగా చెప్పారు, మార్చలేదని.

అందుకే నీ లెక్కలో ఆఖరిదే ఖాయం చేసుకున్నాను, ఆ మూడున్నరేళ్ళది. గ్రైండింగు మెషిన్లు రెండూ, కొట్టు మీద హక్కూ, నా గాజులూ అమ్మితే అంత వస్తుంది. నువ్వు ఎనిమిది నెలలు ఉన్న దేశమే కదా. ఆసుపత్రులు ఎలా ఉంటాయి, ఎక్కడ దిగాలి, ఎవరిని నమ్మాలి, రాయి. ఇదన్నా సూటిగా రాస్తావని ఆశ.

వదిన

*

యంత్రాల గది,
బుధవారం.

వదినా,

అక్కడికి వెళ్ళొద్దు. నా మాట విను. ఆ లెక్క నీకు రాయడమే నా బుద్ధితక్కువ.

అక్కడ శుభ్రం ఉండదు. కోసిన మూడో రోజే పంపేస్తారు. చీము పట్టినా అడిగే దిక్కుండదు. కాగితాల్లో ఒకటి రాసి ఇంకొకటి చేస్తారు. అన్నయ్యకి చక్కెర జబ్బు కూడా ఉంది, గాయం మానదు.

మెషిన్లు అమ్మకు. తొమ్మిదేళ్ళ జీతం లెక్క చెప్పానే, ఆ సముద్రం అవతల దేశం, దాని సంగతి చూద్దాం. నెలనెలా నేను పంపేది రెట్టింపు చేస్తాను. రెండేళ్ళు ఆగితే ఏదో ఒకటి అవుతుంది. యంత్రం మీద పదేళ్ళు బతికినవాళ్ళు మా వార్డులోనే ఉన్నారు.

చిన్న

*

అద్దాల కొట్టు (ఇప్పుడు ఖాళీ),
శనివారం.

చిన్నా,

రెండేళ్ళు ఆగమంటావా? మీ అన్నయ్య ఒళ్ళు ఎలా ఉందో తెలుసా నీకు? కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి, పావుగంటకి గానీ పూడటం లేదు. మెట్టెక్కితే ఆయాసం. యంత్రం మీంచి దిగాక ఆ రోజంతా మనిషి మనిషిగా ఉండరు. నీ వార్డులో పదేళ్ళు బతికినవాళ్ళ లెక్క రాశావు, పోయినవాళ్ళ లెక్క ఎందుకు రాయలేదు?

మెషిన్లు అమ్మేశాను. పెద్దదాన్ని నలుగురు మోసుకుపోతుంటే మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి చేత్తో దాన్ని తడిమారు. నేను లోపలికెళ్ళిపోయాను.

ఆ దేశం ఆసుపత్రి తరఫున ఇక్కడే ఒక మనిషున్నాడు. ఎంత చెప్పినా నవ్వు మొహంతోనే చెబుతాడు, నేను నవ్వులాయన అని పేరు పెట్టాను. కిడ్నీ ఇచ్చే మనిషిని కూడా వాళ్ళే చూశారు. మీ అన్నయ్య వెళ్ళే ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆవిడ. రక్తం కలిసింది. ఇక్కడైతే చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆపరేషన్ అక్కడ. కాగితాల మీద ఆవిడ మీ అన్నయ్యకి పిన్ని కూతురు. ఆవిణ్ణి చూశాను. నాకంటే రెండేళ్ళు పెద్ద, చేతులు సబ్బు నీళ్ళకి పాలిపోయి ఉన్నాయి. "నొప్పి ఎన్ని రోజులుంటుందమ్మా?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు?

వచ్చే నెల పదో తారీఖుకి ప్రయాణం. సంతకాలు ఒక్కటే మిగిలాయి.

ఇప్పుడు నీ సంగతి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ దేశం పేరెత్తగానే నీకెందుకంత కంగారు? నువ్వు ఇవ్వవు. వరస ఆరేళ్ళు. డబ్బు పెట్టి కొందామంటే వద్దంటావు. నీ మాట వింటే మిగిలేదేమిటి, ఆయన పోవడం. అన్నయ్య పోతే కొట్టులో వాటా వస్తుందనుకుంటున్నావేమో, కొట్టు కూడా లేదిప్పుడు. ఈ మాట రాసినందుకు మీ అన్నయ్య నన్ను చంపేస్తారు. చదివి వినిపించాల్సింది నీ ఉత్తరాలే గాని నావి కాదు కదా.

ఎందుకు ఇవ్వవో, ఎందుకు వెళ్ళొద్దంటావో, నిజం ఒక్కటి రాయి. అది రాయలేకపోతే నన్ను ఇక వదినా అని పిలవకు.

*

నా గది,
ఆదివారం ఉదయం.

వదినా,

ఇది నువ్వు ఒక్కదానివే చదవాలని వర్క్‌షాపు చిరునామాకి పంపుతున్నాను.

నేను ఇవ్వలేను. నాకున్నది ఒకటే.

ఏజెంటు డబ్బు తిరిగివ్వలేదు. ఏ ఏజెంటూ ఇవ్వడు. అప్పులవాళ్ళు కొట్టుకి తాళం తెచ్చారని నువ్వు ఫోనులో చెప్పిన రోజు, నేను ఆ దేశంలో ఒక హోటల్లో గిన్నెలు తోముతున్నాను. పక్కన తోమేవాడు ఒక చిరునామా ఇచ్చాడు. బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద క్యాలెండరు, అంతే ఆ గది. లోపలున్నాయన చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. ఎంతకిస్తావని అడగలేదు, ఎంత అవసరమని అడిగాడు. అప్పు ఎంతో ఆ అంకె చెప్పాను. ఒక్క చిల్లర నాణెం కూడా కలపలేదు. బేరం లేకుండా సరేనన్నాడు. ఆ వెంటనే ఒప్పుకున్న తీరు చూసి నాకు అనుమానం రావాల్సింది.

అప్పటి నీ జీతంతో కొలిస్తే అది అయిదు నెలలది.

కొన్నాయన్ని చూశాను. ఎక్కడో చాలా దూరం దేశం మనిషి. చక్రాల కుర్చీలో ఉన్నాడు, భార్య ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వెనకే నడుస్తోంది. ఆ ఆసుపత్రికి ఆయన కట్టింది మూడేళ్ళ పైన జీతమని తరవాత తెలిసింది. మిగతాది ఎవరెవరు పంచుకున్నారో నాకు తెలియదు. ఆయన మీద నాకు కోపం లేదు. బతికే ఉండాలని కోరుకుంటాను. లేకపోతే నాది ఊరికే పోయినట్టు కదా.

మూడో రోజు పంపేశారు. చీము పట్టింది నాకే. నెలన్నర హోటలు సామాన్ల గదిలో పడుకున్నాను. ఏజెంటుని పట్టుకున్నాను, కక్కించాను అని ఆ గదిలోంచే మీకు ఉత్తరం రాశాను. అన్నయ్య మురిసిపోతూ జవాబు రాశాడు. ఇంక నిజం ఎలా చెప్పను?

నేను దేశాల లెక్క రాసినప్పుడు ఒక లైను మింగాను. ఆ మూడున్నరేళ్ళలో మనిషి ధర కూడా కలిపి ఉంటుందని రాయలేదు. ఆ లైను రాస్తే అందులో నేనుంటాను.

వదినా, కొనొద్దని నేను చెప్పను. చెప్పడానికి నేనెవర్ని? మొదట వద్దన్నది భయంతో. మూడు రోజులు ఆలోచించాను, అన్నయ్య బతకాలి. వెళ్ళండి. ఒకటి మాత్రం చెయ్యి, ఆ లాండ్రీ ఆవిణ్ణి మూడో రోజు లేపనివ్వకు. పది రోజులు మంచం మీద ఉంచమని నవ్వులాయనతో కాగితం రాయించుకో. అయిదు నెలల జీతం కంటే ఎక్కువ ఆమె చేతికే నేరుగా ఇవ్వు, ఆ పైది నేను పంపుతాను.

అన్నయ్యకి ఇది ఎప్పటికీ తెలియకూడదు. చదివాక చింపెయ్.

చిన్న

*

డయాలసిస్ వార్డు, వరండా బల్ల,
గురువారం.

చిన్నా,

నేనేం చేశానో వింటే నువ్వు నన్ను క్షమించవు.

ఉత్తరం వర్క్‌షాపుకొచ్చింది. ఇంటి చిరునామా బదులు పొరపాటున ఇది రాశావనుకున్నాను. తిట్టాను కదా, మనసు బాగాలేక రాసి ఉంటాడులే అని జాలిపడ్డాను కూడా. అక్కడ చించలేదు. ఒట్టు వేశాను కదా. సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆయన్ని యంత్రానికి తగిలించాక, స్టూలు మీద కూర్చుని కవరు చించాను. చదువుతూ కళ్ళు ముందుకి పోనివ్వకూడదని మాకు నియమం. నోరూ కళ్ళూ కలిసే నడుస్తాయి. "ఇది నువ్వు ఒక్కదానివే చదవాలని" అనేది నా నోటితో పైకి చదివాకే నాకు అర్థమైంది.

ఆగాను. "కానీ" అన్నారు. మీకు కాదట అన్నాను. "నాకు కానిదైతే నాకు ఇంకా బాగా వినపడాలి. చదువు" అన్నారు. రెండో వాక్యం చదివాను. అప్పుడన్నా ఆగి ఏదో ఒకటి అల్లాల్సింది. నాకు చేతకాలేదు చిన్నా. పక్క కుర్చీలవాళ్ళు వింటున్నారు, నర్సు వింటోంది, నేను కూలివాళ్ళ జాబితా చదివినట్టు చివరిదాకా చదివేశాను. చింపెయ్ అన్నది కూడా చదివాను.

ఆయన ఏడవలేదు. ఆ అయిదు నెలల లెక్క మళ్ళీ చదవమన్నారు. చదివాను. "ఆ డబ్బుతో కొట్టు నిలబడింది. తొమ్మిదేళ్ళు దాని మీద తిన్నాను" అన్నారు. ఇంటికొచ్చేటప్పుడు రిక్షాలో, "ఒకడిది తిన్నాను, చాలు. సంతకం పెట్టను" అన్నారు.

ఎంత చెప్పానో. కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు వెళ్ళమనే రాశావని, అదీ చదివాను కదా అని గుర్తుచేశాను. "వాడు అలాగే రాస్తాడు, వాడిది ఎప్పుడూ ఇచ్చే చెయ్యే" అన్నారు. నవ్వులాయన వచ్చి కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకున్నారు. లాండ్రీ ఆవిణ్ణి తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాను, ఆవిడ తనంతట తను బతిమాలింది. "నీ చేతుల వాసన సబ్బు వాసనమ్మా, మంచి దుప్పటి వాసన. ఇంటికి వెళ్ళు" అన్నారు.

నిజం రాయమని నీ పీక మీద కూర్చున్నది నేను. ఏదన్నా చెయ్యి. ఆయన నా మాట వినరు, నీ మాట వింటారేమో. పదో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

వదిన

*

యంత్రాల గది,
సోమవారం.

అన్నయ్యా,

ఇది నీకే. వదినా, ఒక్క అక్షరం వదలకుండా చదువు.

పోయిన ఉత్తరంలో నేను రాసిందంతా అబద్ధం. నా కిడ్నీలు రెండూ ఉన్నాయి. నీకు ఇవ్వాలంటే భయమేసింది, భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది, అందుకే ఆ కథ అల్లాను. మా వార్డులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నదాన్ని నాకు అతికించుకున్నాను. ఏజెంటు డబ్బు తిరిగిచ్చిన మాట నిజం. నువ్వు కొట్టులో అందరికీ చెప్పుకున్నదే నిజం.

నీ తమ్ముడు పిరికివాడు, అంతే. పిరికివాడి కథ నమ్మి ప్రాణం తీసుకోకు. సంతకం పెట్టు. ఆ దేశంలో శుభ్రం అంతా బాగుంటుంది, అదీ నేను అబద్ధమే రాశాను.

నీ కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

చిన్న

*

అద్దెగది, మూడో అంతస్తు,
బుధవారం.

చిన్నా,

తంతి అందిందని తెలిసింది. నువ్వు రావడానికి సెలవివ్వలేదని కూడా తెలిసింది. వచ్చి చేసేది కూడా ఏమీ లేదు, అన్నీ అయిపోయాయి. ఎలా జరిగిందో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మధ్యలోనే ఆయనకి నవ్వొచ్చింది. ఆ నెల్లో ఆయన నవ్వింది అదొక్కటే. "వీడికి అబద్ధం చెప్పడం ఈ వయసుకీ రాలేదు. భయపడేవాడు భయపడ్డానని ఇంత గట్టిగా చెప్పుకోడు" అన్నారు. అంతటితో సరి. పదో తారీఖు వచ్చింది, పోయింది. నవ్వులాయనకి బయానాగా ఇచ్చిన ముప్పాతిక సొమ్ము వెనక్కి రాలేదు, మిగిలింది ఆసుపత్రికీ మందులకీ అయిపోయింది.

ఆ తరవాత డెబ్భై మూడు రోజులు ఉన్నారు. పోయింది కుర్చీలోనే, పొద్దున పదిన్నరకి. గుండె ఆగిందన్నారు. నర్సు పరుగెత్తుకొచ్చేసరికి యంత్రం ఇంకా కడుగుతూనే ఉంది. వరసలో మా వంతు మూడు వందల తొంభై ఆరు దాకా వచ్చింది. నిన్న వెళ్ళి పేరు కొట్టించి వచ్చాను. వెనకున్నవాళ్ళు ఒక మెట్టు ముందుకొచ్చారు.

లాండ్రీ ఆవిడ పలకరించడానికి వచ్చింది. నడుం పట్టుకుని మెట్లెక్కింది, చూడగానే తెలిసిపోయింది. మీ అన్నయ్య వద్దన్న పద్దెనిమిదో రోజున ఇంకొకళ్ళకి ఇచ్చేసిందట. చేతికొచ్చింది నాలుగు నెలల జీతం. ముందు ఒప్పుకున్నది అయిదు కదా అని ఆవిడ అడిగితే, ఒకసారి బేరం తప్పిన మనిషికి అంతేనన్నారట. నాలుగో రోజు పంపేశారు. నా దగ్గర కొని ఉంటే పది రోజులు పడుకోబెట్టేదాన్ని, నువ్వు చెప్పినట్టు ఎక్కువే ఇచ్చేదాన్ని. మీ అన్నయ్య మంచితనం వల్ల ఆవిడకి మిగిలింది ఒక నెల జీతం నష్టం. నేను చెడ్డదాన్నే చిన్నా. నేను కొనేదాన్ని. ఆవిడ చేతులు చూసీ కొనేదాన్ని, ఆయన ఇవాళ పక్కన కూర్చుని నీళ్ళ కోసం నాతో పోట్లాడుతూ ఉండేవారు. అన్నదమ్ములిద్దరూ గొప్పవాళ్ళు. మీ గొప్పతనం మీరు పంచుకున్నారు, నా వాటాకి ఈ అద్దెగది వచ్చింది.

పోయిన వారం నవ్వులాయన వచ్చాడు. బయానా సంగతేమో అనుకున్నాను. కాదు. అప్పట్లో మీ అన్నయ్య కాగితాలతో పాటు ఇచ్చిన నా పరీక్షల కాగితాలు అతని దగ్గరే ఉండిపోయాయి. మీ ఆయనకి పడకపోయినా మీ రక్తానికి గిరాకీ ఉందమ్మా, వయసు కాస్త ఎక్కువైనా ఒళ్ళు గట్టిది అన్నాడు. తిట్టి పంపాల్సింది. తిట్టలేదు. ఎంత అని అడిగాను.

అయిదు నెలల జీతం అన్నాడు. పోయినసారి ఈ మనిషే నాకు మూడున్నరేళ్ళు చెప్పాడు, అదే నవ్వుతో.

ఆ అంకె విన్నాక నేను లేవలేదు. అద్దె ఎన్నాళ్ళు గడుస్తుందో, ఒక గ్రైండింగు మెషిను వెనక్కి వస్తుందో రాదో, వరసగా లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఆలోచించి చెబుతాలే అని అతన్ని పంపించేసరికి మధ్యాహ్నం దాటింది. నా కోసం హామీ ఉన్నవాళ్ళు లేరు, తాళం పడబోయే కొట్టూ లేదు, అయినా వద్దు అనే మాట నాకు ఇంకా నోటికి రాలేదు. నువ్వా గదిలో కూర్చున్నప్పుడు నీకు ఇరవై రెండేళ్ళు, నేనేమో ఇక్కడినుంచి ఫోనులో ఏడుస్తున్నాను.

నీ మీద కోపం ఆ పూటే పోయింది. మీ అన్నయ్య మీద పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు.

సెలవు దొరగ్గానే రా. శనివారం మళ్ళీ వస్తానన్నాడు ఆ మనిషి, అంతకుముందే వస్తే మంచిది.

వదిన